రాకుమారి కోసం మళ్ళీ పెన్సిల్ పట్టినప్పుడు

2009 డిసెంబర్ 11న అమెరికా అంతటా విడుదలైన 'ద ప్రిన్సెస్ అండ్ ద ఫ్రాగ్' గురించి ఒక మాట ఇప్పటికీ చెలామణిలో ఉంది. డిస్నీ చేత్తో గీసే యానిమేషన్‌కి ఇంకో అవకాశం ఇచ్చింది, జనం చూడలేదు, అందుకే ఆ పద్ధతి పోయింది అని. వినడానికి సూటిగానే ఉంది. లెక్కలు ముందు పెట్టుకుని చూస్తే మాత్రం నిలబడదు.

ఆ సినిమాకి అయిన ఖర్చు 10.5 కోట్ల డాలర్లు. ప్రపంచమంతా కలిపి వసూలైనది దాదాపు 27 కోట్లు. మరుసటి ఏడాది అదే స్టూడియో కంప్యూటర్ మీద తీసిన, పొడవాటి జడ ఉన్న రపంజెల్ కథ 'ట్యాంగిల్డ్' బడ్జెట్ 26 కోట్లని అప్పటి పత్రికలు రాశాయి. వసూలు 59 కోట్లు. పెట్టిన డబ్బుకి ఎన్ని రెట్లు వచ్చిందని చూస్తే కప్ప సినిమాకి రెండున్నర రెట్లు, జడ సినిమాకి అంతకంటే కాస్త తక్కువే. థియేటర్ల వాటా, ప్రచారం ఖర్చు తీసేస్తే రెండూ గొప్పగా మిగిల్చినవి కావు. అయినా ఒకటి హిట్టు, ఇంకొకటి ఒక పద్ధతికే ముగింపు అనిపించుకున్నాయి. తేడా డబ్బులో లేదు, వాటిని ఏ ప్రశ్నకి జవాబుగా చూశారన్నదాంట్లో ఉంది. 'ట్యాంగిల్డ్'ని ఒక సినిమాగా చూశారు. కప్ప సినిమాని, అంటే టియానా అనే అమ్మాయి కథని, చేతిగీత బతకాలా వద్దా అన్న ప్రశ్నకి ఓటింగ్‌లా చూశారు.

ఆ ప్రశ్న పుట్టింది అంతకు కొన్నేళ్ళ ముందు. 2002లో 'ట్రెజర్ ప్లానెట్' మీద 14 కోట్ల డాలర్లు పెడితే 11 కోట్ల దగ్గరే ఆగిపోయింది. 2003లో పోటీ స్టూడియో డ్రీమ్‌వర్క్స్‌కి 'సిన్‌బాద్' పెద్ద నష్టం తెచ్చింది. ఇంకోపక్క 1995లో 'టాయ్ స్టోరీ', 2001లో 'ష్రెక్', 2003లో 'ఫైండింగ్ నీమో' వరసగా కాసులు కురిపించాయి. ఇదంతా చూసి నేరం పెన్సిల్‌దేనని తేల్చారు. 2004 జనవరిలో ఫ్లోరిడాలోని డిస్నీ ఆర్లాండో స్టూడియో మూతపడింది. 'ములాన్' తయారైంది అక్కడే. అదే ఏడాది వచ్చిన ఆవుల కథ 'హోమ్ ఆన్ ద రేంజ్' ఇక ఆఖరి చేతిగీత సినిమా అన్నారు.

ఈ తీర్పులో ఒక తమాషా ఉంది. 'ట్రెజర్ ప్లానెట్'లో కంప్యూటర్ పని తక్కువేం కాదు. అందులో ఒక ముఖ్య పాత్ర యంత్రపు చేయి, ఓడలు, చాలా సెట్లు కంప్యూటర్‌లో కట్టినవే. అదే 2002లో నీటిరంగుల నేపథ్యాలతో, పాత పద్ధతిలో ఆర్లాండోలో గీసిన 'లిలో అండ్ స్టిచ్' 8 కోట్లతో తయారై 27 కోట్ల పైన తెచ్చింది. పాత పద్ధతికి మరీ దగ్గరగా ఉన్న సినిమా ఆడింది, ఆధునికంగా కనిపించాలని తాపత్రయపడింది పోయింది. అయినా లెక్క రాసేటప్పుడు ఈ రెండో వరస ఎవరికీ కనపడలేదు.

ఇంతకీ ఆ పని ఎలా జరుగుతుందో చూడకుండా దాని ఖర్చు గురించి మాట్లాడలేం. తెర మీద సెకనుకి 24 ఫ్రేములు నడుస్తాయి. మామూలు కదలికకి ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు నిలుపుతారు కాబట్టి సెకనుకి 12 బొమ్మలు చాలు. వేగంగా కదిలే చోట, కెమెరా కూడా కదిలే చోట 24 కావాలి. 'ద ప్రిన్సెస్ అండ్ ద ఫ్రాగ్' నిడివి 97 నిమిషాలు. ఒకే పాత్ర మొదటి నుంచి చివరిదాకా తెర మీదే ఉందనుకుంటే, సెకనుకి 12 చొప్పున దాదాపు 70 వేల బొమ్మలు. తెర మీద నలుగురుంటే ఒక్కొక్కరికీ వేరే కాగితం. వాన, పొగ, నీటి మీద వెలుగు వంటివన్నీ మళ్ళీ వేరు.

వీటన్నిటినీ ఒక్కరే గీయరు. పాత్ర బాధ్యత తీసుకున్న యానిమేటర్ ముఖ్యమైన భంగిమలు గీస్తాడు. వాటిని కీ డ్రాయింగులు అంటారు. మధ్యలో రావాల్సినవి ఇన్‌బిట్వీనర్లు పూరిస్తారు. ఆ రఫ్ గీతల్ని వరసగా తీసి ఆడించి చూస్తే అది పెన్సిల్ టెస్ట్. నటన కుదిరిందనుకున్నాక క్లీనప్ వాళ్ళ చేతికి వెళుతుంది. కింద వెలుగు ఉండే లైట్ బాక్స్ మీద కొత్త కాగితం పరిచి, కిందున్న పది గీతల్లోంచి అసలు గీతని ఏరి ఒక్కటిగా గీయడం వాళ్ళ పని. పోస్టర్ల మీద వీళ్ళ పేర్లు కనపడవు. కానీ ప్రేక్షకుడు తెర మీద చూసే గీత నిజానికి వీళ్ళదే, పేరున్న యానిమేటర్‌ది కాదు.

ఇక ఖర్చు సంగతి. కంప్యూటర్ పద్ధతిలో పాత్రని ఒకసారి శిల్పంలా కట్టి, లోపల కీళ్ళు అమర్చితే ఆ తర్వాత ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. కథ మారితే కెమెరాని పక్కకి జరపొచ్చు, వెలుతురు మార్చొచ్చు, అదే బొమ్మని రెండో భాగానికీ వాడొచ్చు. కాగితం మీద అలా కుదరదు. కెమెరా కొంచెం పక్కకి జరగాలని దర్శకుడు అన్నాడంటే ఆ షాట్‌లో గీసిన ప్రతి బొమ్మా చెత్తబుట్టకే. చేతిగీత ఖరీదైనదనడం సగం నిజమే. అసలు సంగతేమిటంటే, అది మనసు మార్చుకోనివ్వదు. ముందు కథని వరస బొమ్మలుగా పరిచే స్టోరీబోర్డు దగ్గరే అన్నీ తేల్చుకుని రావాలి. సినిమా సగం అయ్యాక కూడా కథని తిరగరాసే అలవాటున్న స్టూడియోకి ఆ క్రమశిక్షణే పెద్ద ఖర్చులా కనిపిస్తుంది.

2డి, అంటే చదునుగా గీసే బొమ్మ, చచ్చిపోయిందన్న మాట టీవీకి వర్తించదని ఇక్కడే చెప్పుకోవాలి. మన పిల్లలకి బాగా తెలిసిన రాకుమారి, ఢోలక్‌పూర్ ఇందుమతి, హైదరాబాద్‌లో తయారైన 'ఛోటా భీమ్'లోది. 2008 నుంచీ టీవీలో ఆడుతున్న ఆ బొమ్మలు 2డి బొమ్మలే. కాకపోతే టీవీ ధారావాహికలకి ఉండే డబ్బులో, సమయంలో ఫ్రేము ఫ్రేముకీ కొత్తగా గీయడం అసాధ్యం. గీసినదాన్ని మళ్ళీ మళ్ళీ వాడుకుంటూ పోవాలి. పోయిందని అందరూ బాధపడేది 2డి గురించి కాదు, సినిమా స్థాయిలో మొత్తంగా గీసే ఓపిక గురించి.

రాకుమారి విషయంలో ఆ ఓపిక ఇంకా ఎక్కువ కావాలి. ఏనుగునో, దెయ్యాన్నో, బొజ్జ ఉన్న రాజునో గీసేటప్పుడు గీత అటూఇటూ పోయినా పాత్ర పాత్రలాగే ఉంటుంది. అందమైన ముఖంలో గీతలు చాలా తక్కువ. రెండు కళ్ళు, ముక్కు ఉందన్నట్టు చిన్న గుర్తు, పెదవి, గడ్డం వంపు. వాటిలో ఒకటి వెంట్రుకవాసి జరిగినా మనిషే మారిపోతుంది. బాపు బొమ్మ చూసి నాలుగు గీతలేగా అనుకుని పెన్సిల్ పట్టిన ప్రతి తెలుగువాడికీ ఈ సంగతి అనుభవమే. ఆ నాలుగు గీతల ముఖమే వేల కాగితాల మీద తల తిప్పాలి, నవ్వాలి, పాడాలి, ఏడవాలి, అన్నిట్లోనూ ఆ అమ్మాయే అనిపించాలి. అందుకే 1937 నాటి 'స్నో వైట్' నుంచీ రాకుమారుల కోసం నిజం నటుల్ని పెట్టి చిత్రీకరించి, ఆ కదలిక చూసి గీసుకోవడం రివాజు. స్నో వైట్‌కి మార్జ్ ఛాంపియన్, సిండరెల్లాకి, 'స్లీపింగ్ బ్యూటీ' అరోరాకి హెలీన్ స్టాన్లీ, 'ద లిటిల్ మెర్మెయిడ్' ఏరియల్‌కి, 'బ్యూటీ అండ్ ద బీస్ట్' బెల్‌కి షెర్రీ స్టోనర్ అలా కదలికలు చేసి చూపించినవాళ్ళే.

ఒక్క సినిమా మీద మొత్తం తీర్పు రాసేయడం కూడా డిస్నీకి 2009లో కొత్తగా పట్టుకున్న జబ్బు కాదు. 1959లో 'స్లీపింగ్ బ్యూటీ' వచ్చింది. ఐవిండ్ ఎర్ల్ గీసిన నేపథ్యాల్లో చెట్టు బెరడు కూడా మధ్యయుగపు తివాచీలా కనిపిస్తుంది. ఏళ్ళ తరబడి తీశారు, ఖర్చు 60 లక్షల డాలర్లయింది, మొదటి విడుదలలో ఆ డబ్బు వెనక్కి రాలేదు. స్టూడియోలో చాలామంది ఉద్యోగాలు పోయాయి. పెన్సిల్ గీతని సెల్ అనే పారదర్శకమైన ప్లాస్టిక్ పలక మీదికి చేత్తో ఇంకు పెట్టి దింపే పనిని, తరతరాలుగా ఆడవాళ్ళు చేస్తూ వచ్చిన పనిని, జిరాక్స్ యంత్రం అందుకుంది. 1961 నాటి డాల్మేషియన్ కుక్కల సినిమాలో గీత గరుగ్గా ఉండడానికి కారణం అదే. రాకుమారి కథానాయికగా ఉండే కథ మళ్ళీ రావడానికి 30 ఏళ్ళు పట్టింది.

1989లో 'ద లిటిల్ మెర్మెయిడ్' ఆ పని చేసింది. దర్శకులు రాన్ క్లెమెంట్స్, జాన్ మస్కర్. డిస్నీలో సెల్ మీద చేత్తో రంగు వేసిన ఆఖరి సినిమా కూడా అదే. తర్వాతి ఏడాది నుంచి కాగితం మీది బొమ్మని స్కాన్ చేసి, తర్వాత 'టాయ్ స్టోరీ' తీసిన పిక్సార్‌తో కలిసి తయారుచేసుకున్న క్యాప్స్ అనే వ్యవస్థలో రంగులద్దడం మొదలైంది. 1991 నాటి 'బ్యూటీ అండ్ ద బీస్ట్'లో ఇద్దరూ నాట్యమాడే ఆ పెద్ద హాలు కంప్యూటర్‌లో కట్టింది. నాట్యమాడేవాళ్ళు మాత్రం పెన్సిల్‌తో గీసినవాళ్ళు. చేతిగీతకి స్వర్ణయుగం అని చెప్పుకునే రోజుల్లోనే కంప్యూటర్ ఆ ఇంట్లో ఉంది. 'సంప్రదాయ పద్ధతి', 'కంప్యూటర్ పద్ధతి' అని గీత గీసి విడదీయడం పోస్టర్లకి బాగుంటుంది, స్టూడియో లోపల ఆ గోడ ఎప్పుడూ అంత గట్టిగా లేదు.

2006లో డిస్నీ 740 కోట్ల డాలర్లిచ్చి పిక్సార్‌ని కొన్నది. కంప్యూటర్ యానిమేషన్‌కి దారి వేసిన ఎడ్ క్యాట్మల్, జాన్ లాసెటర్ డిస్నీ యానిమేషన్ బాధ్యతలు తీసుకున్నారు. పెన్సిల్‌ని మళ్ళీ తెమ్మన్నది వీళ్ళే. తప్పు కథలది, పరికరానిది కాదన్నది వాళ్ళ వాదన. క్లెమెంట్స్‌ని, మస్కర్‌ని వెనక్కి పిలిచారు. వెళ్ళిపోయిన యానిమేటర్లలో కొందరు తిరిగొచ్చారు. 2007లో గూఫీ హోమ్ థియేటర్ బిగించుకునే చిన్న సినిమా ఒకటి తీసి, చేయి తిరుగుతోందో లేదో చూసుకున్నారు. అదే ఏడాది వచ్చిన 'ఎన్‌చాంటెడ్'లో బొమ్మల భాగాన్ని మాత్రం సొంత స్టూడియోలో కాకుండా ప్యాసడీనాలో జేమ్స్ బాక్స్‌టర్ నడిపే స్టూడియోలో గీయించుకున్నారు. తన పాత రాకుమారుల మీద తానే చేసుకున్న హాస్యానికి బొమ్మలు బయట గీయించుకోవడమంటే, సొంత పొయ్యి ఆర్పేసి పక్కింటి నుంచి కూర తెచ్చుకున్నట్టే.

కొత్త సినిమా 1920ల నాటి న్యూ ఆర్లీన్స్‌లో జరుగుతుంది. నాయిక టియానా హోటల్లో వడ్డిస్తూ, సొంత రెస్టారెంట్ కోసం చిల్లర కూడబెట్టుకుంటుంది. ఆ ఊళ్ళో పేరున్న వంటగత్తె లియా చేజ్ ఈ పాత్రకి స్ఫూర్తి. డిస్నీ రాకుమారుల్లో మొదటి నల్లజాతి అమ్మాయి కావడంతో ప్రతి అడుగూ పరీక్షే అయింది. మొదట అనుకున్న పేరు మ్యాడీ, చేసే పని పనిమనిషి ఉద్యోగం. రెండిటి మీదా విమర్శలొచ్చాయి, రెండూ మారాయి. సినిమా పేరు కూడా 'ద ఫ్రాగ్ ప్రిన్సెస్' నుంచి ఇప్పటి పేరుకి మారింది. ఒకే సినిమా నెత్తిన అటు ఒక జాతి గౌరవం, ఇటు ఒక కళ భవిష్యత్తు, రెండూ పెట్టారు. ఇంత బరువుతో ఏ సినిమా అయినా తేలిగ్గా నడుస్తుందా?

టియానాని గీసిన మార్క్ హెన్‌కి ఏరియల్, బెల్, జాస్మిన్, ములాన్ గీసిన చేయి ఉంది. గొంతు ఇచ్చిన అనికా నోని రోజ్ ఎడమచేతివాటం మనిషి. టియానా కూడా ఎడమచేత్తోనే పనిచేయాలని ఆమె అడిగింది, అలాగే గీశారు. బొమ్మలు కాగితం మీదే గీసి, స్కాన్ చేసి, రంగులకి టూన్ బూమ్ హార్మనీ సాఫ్ట్‌వేర్ వాడారు. ఎందుకంటే సొంత క్యాప్స్ వ్యవస్థ అప్పటికి మూలనపడింది. క్లీనప్ పనిలో కొంత బయటి స్టూడియోలకి, కెనడాకి, బ్రెజిల్‌కి వెళ్ళింది. అసలు సంగతి ఇక్కడే తెలిసిపోతుంది. పేరున్న యానిమేటర్లని ఫోన్ చేసి పిలవొచ్చు. వాళ్ళ కింద ఉండాల్సిన రెండో వరస, మూడో వరస 2004లో చెదిరిపోయింది. దాన్ని ఒక్క సినిమాతో మళ్ళీ కట్టలేరు.

సినిమాలో చేతిగీత ఎందుకు కావాలో చెప్పే భాగం ఒకటుంది. టియానా తన రెస్టారెంట్‌ని ఊహించుకుంటూ పాడే 'ఆల్మోస్ట్ దేర్' పాట. అక్కడ సినిమా శైలే మారిపోతుంది. నీడలు, కండలు, లోతు అన్నీ పోయి, హార్లెమ్ చిత్రకారుడు ఆరన్ డగ్లస్ బొమ్మల తరహాలో చదునైన రంగులు, పొడుగాటి ఆకారాలు మాత్రమే మిగులుతాయి. ఒక పేదపిల్ల కల పోస్టర్ బొమ్మలా కళ్ళముందు నిలబడుతుంది. ఇలా మధ్యలో ఉన్నట్టుండి ప్రపంచం మొత్తాన్ని వేరే గీతలోకి మార్చేయడం పెన్సిల్‌కి సహజం. మిగతా సినిమా ఇంత ధైర్యం చేయలేదు. 1990ల రాకుమారి సినిమాని శ్రద్ధగా, అందంగా మళ్ళీ వండింది. పైగా కథ ప్రకారం టియానా చాలాసేపు కప్పగానే ఉంటుంది. ఇన్నేళ్ళకి చేత్తో గీసిన అమ్మాయి ముఖం పెద్ద తెర మీద చూద్దామని వెళ్ళినవాళ్ళకి ఎక్కువగా కనిపించింది పచ్చటి కప్ప.

విడుదల తేదీ కూడా కలిసిరాలేదు. దేశమంతటా విడుదలైన వారాంతంలో 2.4 కోట్లు వచ్చాయి. సరిగ్గా వారానికి, డిసెంబర్ 18న, 'అవతార్' దిగింది. తెర మీద లోతు చూడటానికి కళ్ళద్దాలు పెట్టుకుని జనం బారులు తీరుతున్న వారంలో, చదునైన గీత అందంగా ఉందని నచ్చజెప్పడం ఎవరి తరం? తర్వాత స్టూడియో పెద్దలు తప్పు మరోచోట వెతికారు. పేరులో 'ప్రిన్సెస్' ఉండటం వల్ల మగపిల్లలు రాలేదన్నారు. అందుకే 'రపంజెల్' కాస్తా 'ట్యాంగిల్డ్' అయింది. ఈ రోగనిర్ధారణ ప్రకారం చూసినా నింద పేరు మీదే గానీ పెన్సిల్ మీద లేదు. శిక్ష మాత్రం పెన్సిల్‌కే పడింది. 2011లో 'విన్నీ ద పూ'ని అమెరికాలో హ్యారీ పాటర్ ఆఖరి సినిమా విడుదలైన రోజే వదిలారు. 2013 మార్చిలో, చేతిగీత సినిమా ఏదీ తయారీలో లేదని డిస్నీ అధినేత బాబ్ ఐగర్ వాటాదార్ల సమావేశంలో చెప్పాడు. మరుసటి నెల ఆ విభాగంలో సీనియర్ల ఉద్యోగాలు పోయాయి.

అదే 2013 నవంబర్‌లో, నాలుగు రోజుల తేడాతో, రెండు రాకుమారి సినిమాలు విడుదలయ్యాయి. 27న అమెరికా అంతటా డిస్నీ కంప్యూటర్ సినిమా 'ఫ్రోజెన్', 23న జపాన్‌లో ఇసావో తకాహతా తీసిన 'ద టేల్ ఆఫ్ ద ప్రిన్సెస్ కగుయ'. వెదురు బొంగులో దొరికిన పాప కథ జపాన్‌లో వెయ్యేళ్ళ నాటిది. స్టూడియో జిబ్లీ దీని మీద ఎనిమిదేళ్ళు పనిచేసింది. దాదాపు 500 కోట్ల యెన్‌లు ఖర్చయితే జపాన్‌లో అందులో సగమే వచ్చింది. లెక్క ప్రకారం ఇది టియానా సినిమా కంటే చాలా పెద్ద దెబ్బ.

కానీ చేతిగీత తిరిగి రావడమంటే ఏమిటో ఈ సినిమా చూస్తే అర్థమవుతుంది. డిస్నీ క్లీనప్‌లో చెరిపేసే రఫ్ గీతనే తకాహతా తెర మీదికి తెచ్చాడు. గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం, ఒకచోట అసలుండదు. నీటిరంగు అంచుదాకా పోదు, కాగితం తెల్లగా కనిపిస్తూ ఉంటుంది. విందులో అవమానం విన్న రాకుమారి తలుపులు తోసుకుని పరిగెత్తే ఘట్టంలో, ఒంటి మీది పట్టుబట్టలు ఒక్కొక్కటే జారిపోతుంటే బొగ్గు గీతలు కూడా తెగిపోయి, ఉరికి, చివరికి ముఖం ఏదో, చెట్టు ఏదో తెలియని గీకుడుగా మారిపోతాయి. కోపం ముఖంలో కాదు, గీతలోనే ఉంది. త్రీడీ శిల్పాన్ని ఇలా విరగ్గొట్టడం కష్టం. 2014లో జిబ్లీ కూడా కొన్నాళ్ళు సినిమాల తయారీ ఆపింది, నిజమే. కానీ పద్ధతి తప్పని ఎవరూ తీర్పు చెప్పలేదు. అదే స్టూడియోలో దర్శకుడు మియాజాకి చేతిగీతతో తీసిన 'ద బాయ్ అండ్ ద హెరాన్' 2024లో ఆస్కార్ తెచ్చుకుంది.

డిస్నీలో పెన్సిల్ దొడ్డిదారిన లోపలికి వచ్చింది. 'ట్యాంగిల్డ్' తీసేటప్పుడు చేతిగీత యానిమేటర్ గ్లెన్ కీన్ కంప్యూటర్ బొమ్మల మీద గీతలు గీసి, కంటిరెప్ప ఎక్కడ వాలాలో, పెదవి ఎలా ఒంపు తిరగాలో చూపించేవాడు. 2016 నాటి 'మోవానా' క్లెమెంట్స్, మస్కర్‌ల మొదటి కంప్యూటర్ సినిమా. అందులో మావీ అనే పాత్ర ఒంటి మీద కదిలే పచ్చబొట్లు పాత యానిమేటర్ ఎరిక్ గోల్డ్‌బర్గ్ ఆధ్వర్యంలో చేత్తో గీసినవి.

చేత్తో గీసిన పాత్రల్ని కంప్యూటర్‌లోకి తెచ్చే ప్రయాణం మాత్రం అంత సాఫీగా సాగలేదు. 2018లో 'రాల్ఫ్ బ్రేక్స్ ద ఇంటర్నెట్' కోసం రాకుమారులందర్నీ కంప్యూటర్‌లోకి మార్చినప్పుడు, ట్రైలర్‌లో టియానా ఒంటిరంగు పలచబడింది, ముక్కు సన్నబడింది. విమర్శలొచ్చాక సరిచేశారు. నాలుగు గీతల ముఖంలో గీత జరిగితే మనిషి మారిపోతుందన్నది శిల్పానికీ వర్తించింది. 2023 నాటి 'విష్'లో కంప్యూటర్ బొమ్మకే నీటిరంగు కాగితం పొర, అంచున గీత తగిలించారు. అది చూస్తే చేత్తో గీసిన సినిమా చూసినట్టుండదు, అలాంటిదొకటి గుర్తొచ్చినట్టుంటుంది.

ఈలోగా 2021లో డిస్నీ చేతిగీత నేర్చుకునే కుర్రవాళ్ళ కోసం మళ్ళీ శిక్షణ మొదలుపెట్టింది. గోల్డ్‌బర్గ్ లాంటి పాతవాళ్ళ పక్కన కూర్చోబెట్టి, కీ డ్రాయింగుకీ ఇన్‌బిట్వీన్‌కీ తేడా దగ్గర నుంచి నేర్పించారు. 2004లో తెగిన రెండో వరస అదే. స్టూడియో నూరేళ్ళ పండగకి 2023లో తీసిన 'వన్స్ అపాన్ ఎ స్టూడియో'లో ఆ కొత్త చేతులు కూడా పనిచేశాయి. గోడల మీది ఫొటోల్లోంచి పాత పాత్రలన్నీ దిగొచ్చి గ్రూప్ ఫొటో తీయించుకునే సినిమా అది. చేత్తో పుట్టిన రాకుమారుల్ని అందులో చేత్తోనే గీశారు. నిడివి తొమ్మిది నిమిషాలు.